మూలల పరీక్ష

జూన్ 2

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అక్కా కులాసా. అక్కడ నువ్వూ మా చెల్లెలూ కులాసా అని తలుస్తాను.

మా తూనికలు కొలతల ఆఫీసు విశ్రాంతి గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఉన్న టేబుల్ టెన్నిస్ బల్లను కిందటి నెల తీసేశారు. దాని స్థానంలో వచ్చిన బల్ల నడుమ ఎత్తుగా, రెండు చివరలా కిందికి వంగి ఉంది. సరుకు దారిలో దెబ్బతిన్నదని నేను ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. బల్ల అలాగే ఉండాలని మర్నాడు రాతపూర్వకంగా జవాబు వచ్చింది.

మీ పైపుల యార్డు క్యాంటీన్‌కూ ఇలాంటిదే వచ్చిందని రాశావు కానీ, ఆట సంగతి రాయలేదు. తెలుసుకున్నంతవరకు నేను రాస్తాను. బంతి ఫుట్‌బాల్. చెయ్యి తగలకూడదు. అవతలి నుంచి వచ్చిన బంతి మనవైపు బల్ల మీద ఒకసారి పడి లేచాక, మూడు తాకుళ్ళ లోపల వల దాటించి అవతలివైపు బల్ల మీద వెయ్యాలి. కాలయినా, మోకాలయినా, తలయినా, ఒకే అవయవంతో వెంటవెంటనే రెండుసార్లు తాకరాదు. ఇద్దరు జోడీగా ఆడితే ఆ మూడు తాకుళ్ళలో కనీసం ఒక్కసారి బంతి ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి వెళ్ళాలి. బల్లను మనం తాకకూడదు. అంటే నాకు తెలిసిన బల్ల, నీకు తెలిసిన బంతి.

సెప్టెంబరు 14న ఈ ఆటలో బంధువుల జోడీ పోటీ పెడుతున్నారు. ఇద్దరూ రక్తసంబంధం చేతనో, పెళ్ళి సంబంధం చేతనో బంధువులై ఉండాలి. ఇద్దరి వయసూ కలిపి వందకు తగ్గకూడదు. నాకు యాభై ఏడు, నీకు నలభై ఆరు. మూడేళ్ళు మిగులు కూడా ఉంది. అడక్కుండానే మన ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను.

మన మధ్య దూరం మూడు వందల కిలోమీటర్లు కాబట్టి అభ్యాసం ఉత్తరాల్లో చేద్దాం. ఫోన్లో నువ్వు "ఆ, ఆ, అలాగే" అంటావు. ఆ మాటను కొలవడం నా వల్ల కాదు. పద్ధతి ఇది. నేను నీకు ఇచ్చే బంతి ఎటువైపు, ఎంత ఎత్తులో వస్తుందో రాస్తాను. అక్కడ ఎవరి చేతనైనా సరిగ్గా అలాగే విసిరించుకో. ఏమైందో ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వూ నాకు అలాగే పంపు.

తూకపు బల్లలను పరీక్షించేటప్పుడు మేము బరువును ముందు మధ్యలో, తర్వాత నాలుగు మూలల్లో పెడతాం. ముప్పై ఏళ్ళుగా అలవాటైన వరుస కాబట్టి బంతులూ అదే వరుసలో పంపుతున్నాను. ఒకటి: మధ్యలో, ఛాతీ ఎత్తు. రెండు: ఎడమ ముందు, మోకాలి ఎత్తు. మూడు: ఎడమ వెనుక, భుజం ఎత్తు. నాలుగు: కుడి ముందు, మోకాలి ఎత్తు. అయిదు: కుడి వెనుక, భుజం ఎత్తు.

మీ బావ

(అడుగున వేరే చేతిరాత)
ఒరే, ఈయన హాల్లో కుర్చీలన్నీ గోడకి జరిపేసి మోకాళ్ళు పైకెత్తి నడుస్తున్నారు. నువ్వు ఒప్పుకో, లేకపోతే నన్ను ఆడమంటారు. — అక్క

జూన్ 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా వెల్డర్ ముప్పావు గంట నవ్వాడు. ఆ తర్వాత టేపు తెచ్చి కొలుచుకుని మరీ, మీరు చెప్పిన చోటికే విసిరాడు. ఈ యార్డులో మీ లాంటి మనిషి ఇంకొకడున్నాడని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

ఒకటి: ఛాతీతో ఆపి, కాలితో మీకు ఇచ్చాను. మీరు లేరు కాబట్టి గోడ అందుకుంది. రెండు: కాలితో పట్టాను, వెల్డర్ చప్పట్లు కొట్టాడు. మూడు: తలతో. నాలుగు: ఎప్పుడొచ్చిందో తెలీలేదు, పోయింది. అయిదు: అదీ ఎప్పుడొచ్చిందో, వెళ్ళి ప్రథమ చికిత్స పెట్టెకి తగిలింది. మా క్యాంటీన్‌లో కుడివైపు ఒక సిమెంటు స్తంభం ఉందిలెండి. అది పక్కనుంటే కాలు స్వేచ్ఛగా ఆడదు.

మీకు అసలు సంగతి రాయాలి. పెద్ద క్రేన్ సెప్టెంబరులో వస్తోంది. దాని కుర్చీ నాదేనని ఫోర్‌మన్ అందరి ముందూ అన్నాడు. పదిహేనేళ్ళుగా ఈ చిన్న క్రేన్‌లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను బావగారూ. కొత్తదాని కేబిన్ ఏడంతస్తుల ఎత్తట. కాళ్ళు చాపుకోవచ్చట. కింద ఒక్కో షిఫ్టులో ముప్పైమంది పనిచేస్తారు. వాళ్ళ నెత్తిమీదుగా ఇరవై టన్నుల పైపులు పోనివ్వాలి. అందుకని ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. కంటి పరీక్ష కూడా అయిపోయింది. బోర్డు మీద అన్నిటికన్నా చిన్న వరస నిలబడ్డ చోటినుంచే గడగడా చదివేశాను. డాక్టరు "గద్దచూపు" అన్నాడు. మీ చెల్లెలు అప్పుడే ఇల్లిల్లూ తిరిగి చెప్పేసింది.

ఇక నా బంతులు. ఒకటి: మీ నెత్తి మీదకి. రెండు: మీ కుడి మోకాలికి. మూడు: ఎక్కడికో చెప్పను. ఆటలో ఎవరూ చెప్పి ఇవ్వరు.

మీ బావమరిది

జూన్ 15

చిరంజీవి బావమరిదికి,

పెద్ద క్రేన్ సంగతి చదివి ఎంతో సంతోషించాను. మీ అక్క ఆ పేరా రెండుసార్లు పైకి చదివించుకుంది.

నీ మొదటి బంతి నా నుదుటికి తగిలి, అక్కణ్ణుంచి గోడ గడియారానికి తగిలింది. గడియారం పదకొండు నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది. బంతికి సంబంధం లేదు, అంతకుముందూ అలాగే నడిచేది. రెండవది మోకాలితో సరిగానే అందుకున్నాను. మా ఆఫీసు బల్ల దగ్గర నాకు విసిరేది మీ అక్క. చెప్పినదానికన్నా గట్టిగా విసిరింది. కారణం అడగలేదు. మూడవది ఎటువైపో నువ్వు రాయనందున ఎటూ విసరలేకపోయాం. ఇద్దరం కాసేపు నిలబడి ఇంటికి వచ్చేశాం.

స్తంభానికీ బల్లకూ దూరం ఎంతో కొలిచి రాయి. వీలైతే బల్లను ఒక మీటరు ఎడమకు జరిపించు. ఈసారి పది బంతులు పంపుతున్నాను: మధ్యలో రెండు, ఎడమ నాలుగు, కుడి నాలుగు. విడికాగితం మీద గీశాను. వెల్డర్‌కు నా నమస్కారాలు చెప్పు.

మీ బావ

జూన్ 24

బావగారికి నమస్కారాలు.

బల్ల మీటరుంపావు జరిపాం. వెల్డర్ పావు మీటరు తన తరఫున కలిపాడు.

మధ్యలో రెండూ పట్టాను. ఎడమ నాలుగులో మూడు. నాలుగోదానికి కాలు అందలేదు, అర అంగుళంలో తప్పింది, అది మాత్రం నా తప్పే. కుడి నాలుగూ పోయాయి. ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు పోయాయో. స్తంభం కాదులెండి, ఇప్పుడు తెలిసింది. ఆ పక్క పెద్ద కిటికీ ఉంది, వెలుతురు కంట్లో కొడుతుంది. దానికి తోడు కుడి బూటు కొంచెం బిగుతు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. నిన్న పైపుల కట్ట దించుతుంటే కుడి పక్కన ఆనించి ఉన్న ఫోర్‌మన్ సైకిల్‌కి తగిలింది. సైకిల్‌కి ఏమీ కాలేదు, కాస్త సన్నబడింది అంతే. ఇప్పుడు మూసిన తలుపు కిందినుంచి కూడా తోసెయ్యొచ్చు. అక్కడ ఎవడు పెట్టమన్నాడని అందరూ ఫోర్‌మన్‌నే తిట్టారు. పాపం, సాయంత్రం ఆ సైకిల్‌ని చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

మీకు నా బంతులు అయిదు. ఈసారి అన్నిటికీ చిరునామాలు రాశాను.

మీ బావమరిది

జూలై 1

చిరంజీవి బావమరిదికి,

నీ కుడి బూటు లోపలి అట్ట తీసి దాని బదులు వేసుకోవడానికి పల్చనిది ఒకటి పార్సిల్‌లో పంపుతున్నాను. కిటికీ విషయంలో మబ్బు పట్టిన రోజున, లేదా కిటికీకి గుడ్డ కట్టి ప్రయత్నించు. ఈసారి ఇరవై బంతులు: మధ్య నాలుగు, ఎడమ ఎనిమిది, కుడి ఎనిమిది. విసిరేముందు వెల్డర్ ఎటువైపో పైకి చెప్పకూడదు. వరుస కూడా కలగాపులగం చేశాను. కాగితం అతని దగ్గరే ఉంచు.

రెండు విషయాలు తెలియజెయ్యి. సైకిల్‌ను ఫోర్‌మన్ రోజూ అక్కడే పెడతాడా, ఆ రోజే పెట్టాడా? పైపులు కదలకముందు నీకు సైకిల్ కనిపించిందా?

నీ అయిదు బంతుల్లో మూడు అందుకున్నాను. ఒకటి పోయింది. ఇంకొకటి అందుకున్నానో లేదో నాకూ మీ అక్కకూ భేదాభిప్రాయం ఉంది.

మీ బావ

(అడుగున)
ఒరే, మొన్న ఆదివారం మీ చిన్నక్క మొగుడొచ్చాడు. ఈయనతో బల్ల దగ్గర సాయంత్రం దాకా ఎగిరాడు. బాగానే ఆడతాడు, లావుగా ఉన్నా. నువ్వు మాత్రం ఒళ్ళు జాగ్రత్త. — అక్క

జూలై 10

బావగారికి,

నమస్కారాలు. ఇరవై బంతుల లెక్క ముందు రాసేస్తాను, మీకు కావలసింది అదే కదా. మధ్య నాలుగూ పట్టాను. ఎడమ ఎనిమిదిలో ఆరు పట్టాను, మిగతా రెండింటికీ కాలు ఆలస్యమైంది. కుడి ఎనిమిదిలో ఒకటి భుజానికి తగిలింది, నేను తగల్లేదు, అదే తగిలింది. తక్కినవి ఎప్పుడొచ్చాయో వెల్డర్‌నే అడగాలి. గుడ్డ కట్టాం. మబ్బు కూడా పట్టింది. మీ అట్ట బాగుంది.

సైకిల్ గురించి మీకెందుకు బావగారూ? నవ్వుకుంటారని రాశాను. మీరు దాన్ని విచారణకి పెట్టారు.

అక్క రాసింది చదివాక నాకు విషయం బోధపడింది. తోడల్లుడు దొరికాడు. ఆయనకీ మీకూ కలిపి నూట పదో ఎంతో. ఉద్యోగిని తీసేసేముందు మా యార్డులో కూడా ఇలాగే చేస్తారు. ముందు వాడి తప్పులన్నీ ఒక ఫైల్లో రాస్తారు. తేదీతో సహా. స్తంభం ఎంత దూరం, వెలుతురు ఎంత, సైకిల్ ఎక్కడ. ఇంత శ్రమ ఎందుకు? "ఒరే, నువ్వొద్దు" అని ఒక్క ముక్క రాస్తే నేను ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ మీకు రాయను.

బంతులు పంపడం లేదు.

మీ బావమరిది

జూలై 16

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం చేరింది. ఫైలు తయారు చేశానన్నావు. నిజమే, చేశాను. కానీ అది ఎందుకో నువ్వు అనుకున్నది కాదు. దీన్ని ఒంటరిగా ఉన్నప్పుడు, నెమ్మదిగా చదువు.

ఇంతవరకు నీకు ముప్పై అయిదు బంతులు పంపాను. మధ్యలో ఏడు: ఏడూ పట్టావు. ఎడమవైపు పద్నాలుగు: పదకొండు పట్టావు. కుడివైపు పద్నాలుగు: ఒక్కటీ పట్టలేదు. బల్ల జరిగింది, కిటికీ మూశారు, బూటు అట్ట మారింది. ఈ అంకె మారలేదు.

అంకెకన్నా నన్ను ఎక్కువ ఆపింది నీ మాటలు. ఎడమవైపు తప్పిన మూడింటికీ "కాలు అందలేదు", "కాలు ఆలస్యమైంది" అని రాశావు. అంటే బంతిని చూశావు, పట్టలేకపోయావు. కుడివైపు వాటికి ప్రతిసారీ "ఎప్పుడొచ్చిందో" అని రాశావు. మూడు ఉత్తరాల్లోనూ అదే మాట. పట్టలేని బంతి వేరు, చూడని బంతి వేరు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కాటా తప్పు చూపిస్తే, ఆ తప్పు ఒకసారి ఎక్కువకూ ఒకసారి తక్కువకూ వస్తే తూచేవాడి చెయ్యి నిలకడగా లేదంటాం. ఎప్పుడూ ఒకే మూల, ఒకే తీరుగా వస్తే చేతిని ఏమీ అనం. బల్ల ఎత్తి కింద చూస్తాం. నిన్ను నేను ఏమీ అనడం లేదు. నీ కుడివైపు చూపులో ఏదో లోపం ఉందని అనుకుంటున్నాను.

చిన్న అక్షరాల వరస చదివానని నువ్వంటావు. చదివి ఉంటావు. అక్షరాల బోర్డు మధ్యచూపును మాత్రమే పరీక్షిస్తుంది. బరువును మధ్యలో పెడితే చెడిపోయిన కాటా కూడా చాలాసార్లు నిజమే చెబుతుంది. మూలల్లో ఎవరూ పెట్టి చూడలేదు. నేను వైద్యుణ్ణి కాను, నేను పొరపడి ఉండవచ్చు. అలా అయితే నాకన్నా సంతోషించేవాడు ఉండడు. ఒక చిన్న పని చెయ్యి. కుర్చీలో కూర్చుని ఎడమ కన్ను మూసుకుని ఎదురుగా ఉన్న వెల్డర్ ముక్కునే చూడు. మా చెల్లెలిని నీ కుడి చెవి వెనకనుంచి ఒక చెంచా మెల్లగా ముందుకు తెమ్మను. ఎంత ముందుకు వచ్చాక కనిపించిందో చూసుకో. తర్వాత కన్ను మార్చు. ఆ తర్వాత కంటి ఆసుపత్రికి వెళ్ళి పక్కచూపు పరీక్ష చెయ్యమని అడుగు.

సెప్టెంబరులో నువ్వు ఆ కుర్చీలో కూర్చోవాలని మీ అక్క ఎంత కోరుకుంటోందో నేనూ అంత కోరుకుంటున్నాను. అయినా పరీక్ష అయ్యేదాకా చిన్న క్రేన్ కూడా ఎక్కవద్దని అడుగుతున్నాను. సైకిల్ ఉన్న చోట మనిషి నిలబడవచ్చు. మీ ఫోర్‌మన్‌కు నేను రాయను. అది నీ నోటినుంచే రావలసిన మాట.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నీ మొదటి జవాబులోనే నాకు అనుమానం వచ్చింది. ఖాయం చేసుకుందామని అయిదు వారాలు ఊరుకున్నాను. ఆ అయిదు వారాలూ నువ్వు కేబిన్‌లో ఉన్నావు. ఆ ఆలస్యం నాది.

మీ బావ

జూలై 22

తూనికలు కొలతల అధికారి గారికి,

నేను కాటాని కాను. నన్నెవరూ మీ బల్ల మీద పెట్టలేదు. పదిహేనేళ్ళలో ఒక్క మనిషికి గీత పడలేదు నా చేతిలో. గద్దచూపు అన్నది చదువుకున్న డాక్టరు.

పోటీకి మీ తోడల్లుణ్ణి తీసుకెళ్ళండి. ఈ సంగతి అక్కకి చెప్పకండి. ఇక ఉత్తరాలు వద్దు.

ఇట్లు,
క్రేన్ ఆపరేటర్

(కార్డులు)

జూలై 26
కుడి ముందు, మోకాలి ఎత్తు. మీ అక్కకు చెప్పలేదు. — బావ

జూలై 27
కుడి వెనుక, భుజం ఎత్తు. మీ చిన్నక్క మొగుడితో కలిపినా వంద దాటుతుంది కానీ, నేను ఆయన పేరు ఇవ్వలేదు. నీ పేరే ఉంది. — బావ

జూలై 28
కుడి ముందు, నడుము ఎత్తు. ఉత్తరాలు వద్దన్నావు. ఇవి కార్డులు. — బావ

జూలై 29
కుడి వెనుక, మోకాలి ఎత్తు. రోజూ కార్డులెందుకు రాస్తున్నానని మీ అక్క చూస్తోంది. ఇంకా అడగలేదు. అడగనంతవరకు చెప్పకుండా ఉండటం నాకు చేతనవును. — బావ

జూలై 30
అడిగింది. చెప్పాను. పొద్దున బస్సుకు బయల్దేరుతోంది. నేను ఆపలేదు. — బావ

ఆగస్టు 8

బావగారికి నమస్కారాలు.

ఎలా మొదలుపెట్టాలో తెలీక నాలుగు కాగితాలు పాడుచేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీకూ అదే ఇష్టం.

అక్క బస్సు దిగి ఇంటికి రాలేదు. తిన్నగా యార్డు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. షిఫ్టు అయ్యాక నేను గేటు దాటి, టీ కొట్టుదాకా వెళ్ళాను. వెనకనుంచి "ఒరే" అని వినపడింది. తిరిగి చూస్తే అక్క.

"ఎప్పుడొచ్చావక్కా?"

"నువ్వు గేటు దాటకముందే."

"మరి పిలవలేదేం?"

"పిలిస్తే చూసేవాడివి. పిలవకపోతే చూస్తావా లేదా అని నిలబడ్డాను. నీ కుడి పక్కన, జానెడు దూరంలోరా. నా సంచి నీ చేతికి తగిలింది. 'సారీ అండీ' అన్నావు. నాతో."

నేనేదో అనబోయాను, పరధ్యానమనో ఏదో. అక్క వినలేదు. "పుట్టినప్పటినుంచీ నన్ను ఎప్పుడన్నా 'అండీ' అన్నావా?" అంది. అని, టీ కొట్టు బల్ల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నా చెయ్యి పట్టుకుని. నలభై ఆరేళ్ళవాణ్ణి. అక్కడ గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, నడుమ చుక్కని చూస్తూ, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిస్తే అప్పుడు బటన్ నొక్కమన్నారు. కుడి కన్ను పెట్టినప్పుడు చాలాసేపు ఏమీ రాలేదు. "అమ్మా, యంత్రం పాడైనట్టుంది" అన్నాను. "నడుస్తోందండీ" అంది ఆ అమ్మాయి. ఆ మాట ఎంత మెల్లగా అందో మీకు రాయలేను.

గ్లకోమాట. నీటికాసులు అని కూడా అంటారట. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా, అంచులనుంచి చూపు తినేసుకుంటూ వస్తుందట. కుడి కంట్లో మధ్యన చిన్న కిటికీ మిగిలింది. గడగడా చదివింది ఆ కిటికీలోంచి. ఎడమ కంట్లో కూడా ముక్కువైపు, అంటే నా కుడిపక్కే, మొదలైంది. పోయింది రాదు. ఉన్నది చుక్కల మందుతో నిలుస్తుంది, రోజూ రెండుపూటలా వేస్తే. ఇంకో ఏడాది ఆగి వస్తే నిలపడానికి ఏమీ ఉండేది కాదన్నారు.

ఇంకొకటి. నా చూపుకి ఏ లోపమూ లేదన్నట్టు మీకు రాశాను. అది పూర్తిగా నిజం కాదు. కేబిన్‌లో కుడి కిటికీ అద్దం మసకగా ఉందని చలికాలం నుంచీ రోజూ తుడుస్తున్నాను. లోపల, బయట. అద్దం మార్చమని అర్జీ కూడా పెట్టాను. మార్చారు. కొత్తదాన్నీ తుడిచాను. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది.

సోమవారం ఫోర్‌మన్ గదికి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను.

"అంటే, పెద్ద క్రేన్ వద్దంటావా?"

"చిన్నదీ వద్దు సార్."

"ఎప్పటినుంచి?"

"ఇవాళ్టినుంచే సార్, ఎక్కకుండానే మీ దగ్గరికొచ్చాను."

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు, తలకిందులుగా. తర్వాత, "అయితే నా సైకిల్?" అన్నాడు.

"అది నేనే సార్."

"ఆరు వారాలుగా అందరూ నన్ను తిడుతున్నారు."

"ఆ తిట్లూ నావే సార్."

తాళాలకోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను. నేను గుమ్మం దాటుతుంటే లేచొచ్చి కుడివైపు తలుపు తను పట్టుకున్నాడు, తగలకుండా. అప్పుడు కాస్త కష్టమైంది నాకు.

అక్క రేపు బయల్దేరుతుంది. మీరు బంతులు పంపిన కార్డులు నాలుగూ చేరాయి. వెల్డర్‌కి చూపించలేదు. వాటిని పట్టలేనని తెలుసు కదా.

మీ బావమరిది

ఆగస్టు 14

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అక్క వచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అయిదు వారాలు ఆగినందుకు. మూడో రోజు మాట్లాడింది, ఆ రెండు రోజుల్లో దాచుకున్నదంతా కలిపి. న్యాయంగానే ఉంది.

పెద్ద కుర్చీ గురించి నేను ఓదార్పు రాయను. పదిహేనేళ్ళు కోరుకున్నదాన్ని నీ చేతులతో నువ్వే బల్ల మీద పెట్టి వచ్చావు. ఆ పని తేలికైనదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా ఉద్యోగంలో చాలామంది వ్యాపారులకు వారి కాటా తప్పని చెప్పాను. తానుగా తెచ్చి ఇచ్చినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

ఇక పోటీ. వైద్యుణ్ణి అడిగి, ఆడవచ్చంటేనే ఆడదాం. తలతో కొట్టవద్దంటే తల బంతులు నేను చూసుకుంటాను. మనం బల్లకు ఒకే వైపు నిలబడినప్పుడు నువ్వు కుడివైపు నిలబడు. అప్పుడు నేను ఎప్పుడూ నీ ఎడమన, నీకు కనిపించేచోట ఉంటాను. నీ కుడిపక్కన గోడ తప్ప ఏమీ ఉండదు. మందు వేసుకునే వేళలు రాసి పంపు. నేనేమీ ఫైలు పెట్టను. పెడతాను, కానీ నీకు చూపించను.

ఆదివారం పొద్దుటి బస్సుకు నేనే వస్తున్నాను. ఇకమీదట బంతులు కాగితం మీద వద్దు.

మీ బావ

సెప్టెంబరు 24

బావగారికి నమస్కారాలు.

పోటీ గురించి మీకు రాయడం వింతగా ఉంది, మీరూ అక్కడే ఉన్నారు కాబట్టి. అయినా ఒక మాట. ఆ అత్తాకోడళ్ళ జోడీ చేతిలో మనం ఓడిపోవడం నాకేం నామోషీగా లేదు. మొదటి సెట్టు పన్నెండు–అయిదు, రెండోది పన్నెండు–తొమ్మిది. ఆ తొమ్మిదిలో మూడు, మీరిచ్చిన బంతులు నేను వేసినవి. ఆ ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవని తర్వాత తెలిసింది. అందుకే అంత బాగా ఆడారు, మనం మాత్రం ప్రతి బంతికీ "నాదా, నీదా" అనుకుంటూ కూర్చున్నాం. చుక్కలు వేళకి వేస్తున్నాను. నిన్న చూపించుకున్నాను, ఒత్తిడి తగ్గింది, ఎడమ కన్ను ఉన్నచోటే నిలిచింది.

పెద్ద క్రేన్ సోమవారం మొదటి లోడు ఎత్తింది. వేరే యార్డునుంచి ఒక అమ్మాయి వచ్చింది, ముప్పై కూడా ఉండవు. బాగా ఎత్తుతుంది, కుదుపు ఉండదు. చూడలేననుకున్నాను, కానీ చూశాను. నన్ను కిందే ఉంచారు, కట్లు చూసే పనిలో. పైపుల కట్టకి గొలుసులు సరిగా బిగించారో లేదో తడిమి చూసి, చెయ్యెత్తి, మెడ రెండువైపులా తిప్పి చూసుకుని, నేల మీద గీసిన గీత అవతలికి జరగాలి. మెడ తిప్పమని డాక్టరూ చెప్పాడు, యార్డు బోర్డు మీదా రాసి ఉంది.

అక్కకి కూడా చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. లోడు కదిలే దారికి అడ్డంగా నడవాల్సి వచ్చినప్పుడు, కింద ప్రతివాడూ ఒక్క క్షణం ఆగి తలెత్తి కేబిన్ వైపు చూస్తాడు. పైనున్న మొహం తనవైపు తిరిగి ఉంటే, చూశారులే అనుకుని దాటేస్తాడు. ఎవరూ నేర్పింది కాదు, అందరూ చేస్తారు. సోమవారం నేనూ ఆగి, తలెత్తి, ఆ అమ్మాయి మొహం చూసి దాటాను.

పైనుంచి నాకు పదిహేనేళ్ళూ హెల్మెట్లే కనిపించాయి. దారి దగ్గరికి రాగానే అవి కాస్త వెనక్కి వాలేవి. ఎండ చూసుకుంటున్నారని అనుకునేవాణ్ణి.

నా మొహం చూసి దాటేవాళ్ళు బావగారూ.

మీ బావమరిది